పాత కోల్ట్‌తో కాల్చాలా, ఇటలీ రెప్లికాతోనా? ఎలా పోల్చి చూసుకోవాలి

మా టేబుల్ మీద రెండు రివాల్వర్లు పక్కపక్కన పెడితే నాలుగడుగుల దూరం నుంచి తేడా పట్టడం కష్టం. ఒకటి 1890ల్లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో తయారైన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. జనం పీస్‌మేకర్ అంటారే, అదే. రెండోది దానికి అచ్చుగుద్దినట్టు ఇటలీలో ఉబెర్టి కంపెనీ చేసిన రెప్లికా. మొదటిదాని ధర వేల డాలర్లలో, రెండోదాని ధర వందల్లో. కొత్తగా ఈ సరదా మొదలుపెట్టిన మనవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "కాల్చడానికి ఏది కొనమంటావు అన్నా?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. కాల్చడానికైతే రెప్లికా కొనండి. అసలుది కొంటే ముందు పరీక్ష చేయించండి, ఆ తర్వాత కూడా దానికి బ్లాక్ పౌడర్ (పాతకాలపు పొగ మందు) తప్ప ఇంకేమీ పెట్టకండి. ఎందుకో, ఎలా తేల్చుకోవాలో వరసగా చెబుతాను. నేనుండేది టెక్సస్‌లో, కాబట్టి చట్టం సంగతులన్నీ అమెరికావే.

ముందు మీ వీసా చూసుకోండి

తుపాకీ కన్నా ముందు ఇది. హెచ్1బీ, ఎల్1, ఎఫ్1, హెచ్4 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ అందులో ఒకటి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని గంటసేపు కాల్చినా దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. "ఆఫీసులో అందరూ టీమ్ అవుటింగ్‌కి వెళ్లారు, నేనూ వెళ్లాను" అంటే కుదరదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. అనుమానముంటే లాయర్‌ని అడగండి. ఇమిగ్రేషన్ ఫైలు మీద మరక పడితే ఆ టెన్షన్ ఏళ్ల తరబడి వదలదు.

రెండో సంగతి. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీ "యాంటిక్". ఫెడరల్ లెక్కలో అది మామూలు తుపాకీ కిందకి రాదు, కాబట్టి డీలర్ దగ్గర తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన 4473 ఫారం పని లేదు. అదే తూటా వేసే ఉబెర్టి రెప్లికా ఎంత పాత మోడల్‌లా కనిపించినా కొత్త తుపాకీయే. ఫారం, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అన్నీ ఉంటాయి. 1851 నేవీ, 1860 ఆర్మీ లాంటి క్యాప్ అండ్ బాల్ రెప్లికాలు వేరు. వాటిలో మందు, గుండు, క్యాప్ విడివిడిగా నింపుతారు కాబట్టి నిన్న తయారైనా ఫెడరల్ చట్టం వాటిని యాంటిక్ కిందే చూస్తుంది. రాష్ట్రాల రూల్స్ మళ్లీ వేరుగా ఉంటాయి. మీ రాష్ట్రంలో ఏముందో విడిగా చూసుకోవాల్సిందే. ఇంకో మెలిక: తుపాకీ యాంటిక్ అయినా దాంట్లో వేసే తూటా యాంటిక్ కాదు. వీసా మీద ఉన్నవాళ్లు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు.

అది ఎప్పటిదో తేల్చండి

సీరియల్ నంబర్ మూడు చోట్ల ఉంటుంది: ఫ్రేమ్ అడుగున, ట్రిగ్గర్ గార్డ్ మీద, పిడి వెనక పట్టీ అడుగున. మూడూ ఒకటే కావాలి. కలవకపోతే ఎవరో ముక్కలు కలిపి కట్టారని అర్థం. దీనికీ ఒక మినహాయింపు ఉంది. సైన్యం తన ఏడున్నర అంగుళాల బ్యారెల్ రివాల్వర్లను వెనక్కి రప్పించి, బ్యారెల్ ఐదున్నర అంగుళాలకు కోయించి మళ్లీ ఇచ్చింది. కలెక్టర్లు వాటిని ఆర్టిలరీ మోడల్ అంటారు. వాటిలో నంబర్లు కలవకపోవడమే మామూలు.

పాత తరం కోల్ట్ 1873లో మొదలై రెండో ప్రపంచ యుద్ధం దాకా నడిచింది, మూడున్నర లక్షల పైచిలుకు వచ్చాయి. రెండో తరం 1956లో, మూడోది 1976లో మొదలయ్యాయి. 1898 చివరికి నంబర్లు సుమారు 182,000 దగ్గర ఉన్నాయి. స్మోక్‌లెస్ పౌడర్‌కి (పొగ దాదాపు రాని కొత్త రకం మందు) పనికొస్తుందని కోల్ట్ కంపెనీ హామీ ఇచ్చింది 1900లో, సుమారు 192,000 నంబర్ నుంచి.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. యాంటిక్ అని ఫారం లేకుండా కొనుక్కోగల పీస్‌మేకర్ ఏదైనా సరే, కంపెనీ స్మోక్‌లెస్ హామీ లేని కాలానిదే. "యాంటిక్ కాబట్టి ఈజీగా దొరికింది" అని సంబరపడేవాళ్లు, అదే కారణంగా అది బ్లాక్ పౌడర్ తుపాకీ అన్న సంగతి మరిచిపోతారు.

అమ్మేవాళ్లు చూపించే గుర్తు ఒకటుంది. సిలిండర్ ఇరుసును పట్టి ఉంచే స్క్రూ ఫ్రేమ్ ముందు భాగాన ఏటవాలుగా ఉంటే "బ్లాక్ పౌడర్ ఫ్రేమ్" అంటారు. 1890ల్లో దాని స్థానంలో అడ్డంగా నొక్కే స్ప్రింగ్ గొళ్లెం వచ్చింది. ఈ ఒక్క గుర్తు నమ్మకండి. గొళ్లెం వచ్చిన తర్వాత కూడా 1900 దాకా హామీ లేదు. ఇక ఉబెర్టి వాళ్లు ఆ స్క్రూని కూడా అచ్చుగుద్దినట్టు పెట్టి "ఓల్డ్ మోడల్" అని అమ్ముతారు. నమ్మకం కావాలంటే కోల్ట్ ఆర్కైవ్స్ (కంపెనీ పాత రికార్డుల విభాగం) నుంచి లెటర్ తెప్పించుకోండి. ఆ నంబర్ తుపాకీ ఏ క్యాలిబర్‌లో (గుండు లావు), ఎంత బ్యారెల్‌తో, ఏ తేదీన కంపెనీ గడప దాటిందో అందులో ఉంటుంది. నా దానికి తెప్పిస్తే ఉన్న బ్యారెల్ కన్నా ముప్పావు అంగుళం పొడవు రాసి ఉంది. అంటే మధ్యలో ఎవరో మార్చారు. నాకు అమ్మినాయన "ఒరిజినల్ కండిషన్" అని ఒట్టేసి చెప్పాడు.

టిక్కులు వినండి

ఖాళీగా ఉందో లేదో చూడండి. పక్కన ఉన్న గేట్ తెరిచి ఆరు చాంబర్లూ (తూటా కూర్చునే గదులు) ఒక్కొక్కటే తిప్పి చూడండి. చూశాక ఇంకోసారి చూడండి. ఎవరు "ఖాళీయే" అని చేతికిచ్చినా సరే.

ఇప్పుడు హ్యామర్‌ని బొటనవేలితో మెల్లిగా వెనక్కి లాగండి. సరైన కోల్ట్ నాలుగు టిక్కులు చెబుతుంది. మొదటిది సేఫ్టీ గాడి. రెండోది హాఫ్ కాక్, అక్కడ సిలిండర్ ఫ్రీగా తిరుగుతుంది, తూటాలు వేసేది అప్పుడే. మూడోది సిలిండర్‌ని ఆపి పట్టే బోల్ట్ కింద నుంచి లేచి సిలిండర్‌ని తాకిన చప్పుడు. నాలుగోది ఫుల్ కాక్. మూడు, నాలుగు దాదాపు కలిసిపోయినట్టు దగ్గరగా వినపడాలి. స్ప్రింగ్ అలిసిపోయిన పాత రివాల్వర్లలో ఒక టిక్కు మాయమవుతుంది, లేదా రెండు టిక్కులు నత్తి మాటల్లా ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఫుల్ కాక్‌లో ఉంచి సిలిండర్‌ని వేలితో అటూ ఇటూ కదపండి. వెంట్రుకవాసి ఆట ఉంటే పర్లేదు. వేలితో నెట్టాక "టక్" మని బోల్ట్ గాడిలో పడితే, హ్యామర్ లాగినప్పుడు సిలిండర్ పూర్తిగా తిరగలేదన్నమాట. అలాంటప్పుడు చాంబర్, బ్యారెల్ ఒకే వరసలో ఉండవు. గుండు అంచు చెక్కుకుపోయి సీసం తునకలు పక్కకి చిమ్ముతాయి. రేంజ్‌లో మీ పక్కన నిలబడ్డవాడి చెంప మీద పడితే మీకే తెలుస్తుంది, అతని మొహంలో.

తర్వాత, ఫుల్ కాక్‌లోనే, ట్రిగ్గర్ ముట్టుకోకుండా హ్యామర్‌ని వెనక నుంచి ముందుకు కొంచెం తోయండి. అది జారితే పట్టుకోవడానికి ఇంకో బొటనవేలు హ్యామర్ ముందు అడ్డం పెట్టండి. జారిందంటే గాడి అరిగింది, ఆ రివాల్వర్ కాల్చకూడదు. అమ్మేవాడి ముందు ఈ పరీక్ష చేయడానికి మొహమాటపడకండి. ముందు అనుమతి అడగండి చాలు. అడిగాక వద్దంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి. ఉత్తిగా హ్యామర్‌ని టపటపా వదలడం మాత్రం చేయకండి. ఫైరింగ్ పిన్ హ్యామర్ మీదే ఉంటుంది, నూట పాతికేళ్ల ఇనుము మీ సరదాకి విరగక్కర్లేదు.

సిలిండర్, బ్యారెల్, ఒక చేపల వల సీసం

సిలిండర్‌ని బయటికి తీసి వెలుతురులో తిప్పండి. బోల్ట్ పడే గాడులు సిలిండర్ చుట్టూ ఉంటాయి. కోల్ట్‌లో ఆ గాడి సరిగ్గా చాంబర్ మీదుగా వస్తుంది. .45 క్యాలిబర్‌లో చాంబర్ పెద్దది కాబట్టి గాడి అడుగున లోహం మిగిలేది పల్చగా. స్మోక్‌లెస్‌తో ఎవరైనా దూకుడుగా కాల్చి ఉంటే దెబ్బ ముందు కనపడేది ఇక్కడే: చిన్న ఉబ్బు, లేకపోతే వెంట్రుక లాంటి చీలిక. కంటికన్నా వేలి కొసకి త్వరగా తెలుస్తుంది. కళ్లు మూసుకుని గాడి గాడికీ తడమండి.

బ్యారెల్ లోపల లైట్ వేసి చూస్తే గుంటలు కనపడటం మామూలే, పాత బ్లాక్ పౌడర్ కాలపు తుప్పు. గుంటలున్నా కొన్ని బాగానే కాలుస్తాయి. చూడాల్సింది చుట్టూరా ఉంగరంలా ఉన్న నల్లటి నీడ. ఒకప్పుడు గుండు మధ్యలో ఇరుక్కుంటే దాని వెనకే ఇంకోటి కాల్చారని దానికి అర్థం. అలాంటిదాన్ని నేను కొనను.

సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకులు) కొలవండి. అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు నుంచి ఎనిమిది మంచిది. బ్లాక్ పౌడర్ మసి పేరుకుంటుంది కాబట్టి మరీ బిగుతుగా ఉన్నా రెండో రౌండ్‌కే సిలిండర్ మొరాయిస్తుంది.

ఇక కొలత. చేపలు పట్టే సామాన్ల దుకాణంలో దొరికే మెత్తటి సీసపు గుండు ఒకటి తీసుకుని నూనె రాసి, చెక్క కడ్డీతో బ్యారెల్ ఈ చివర నుంచి ఆ చివరకి తోయండి. బయటికొచ్చిన ముక్కని మైక్రోమీటర్‌తో కొలవండి. పాత .45 కోల్ట్‌లో .454 అంగుళాలు వస్తుంది. ఇప్పటి రెప్లికాల్లో .451 లేదా .452. షాపులో దొరికే .452 గుండు పాత బ్యారెల్‌లో వదులుగా దొర్లుకుంటూ పోతుంది. పాత తుపాకీ గురి తప్పుతోందని తిట్టేవాళ్లలో చాలామంది గుండు కొలత చూసుకోనివాళ్లే. .44-40 క్యాలిబర్‌లో ఈ తేడా ఒక్కో తుపాకీకి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి కొలవకుండా గుండ్లు కొనకండి.

ఇవన్నీ మీరు చేసుకున్నాక కూడా సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హ్యామర్ వేలితో లాగాల్సిన రకం) మీద చేయి తిరిగిన, తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్‌కి ఒకసారి చూపించండి. నా పరీక్షలన్నింటిలో పాసైన రివాల్వర్‌లో హ్యాండ్ స్ప్రింగ్ (సిలిండర్‌ని తిప్పే ముక్కది) సగం చీలి ఉందని మా ఊరి పెద్దాయన స్క్రూలు విప్పిన అరనిమిషంలో చెప్పాడు.

ఏ మందు, ఏ తూటా

బ్లాక్ పౌడర్‌ని తెలుగులో నల్లమందు అనబోయి ఒకసారి మా అమ్మ దగ్గర ఫోన్‌లో ఇరుక్కున్నాను, కాబట్టి బ్లాక్ పౌడర్ అనే అంటాను. సురేకారం, గంధకం, బొగ్గు. చిచ్చుబుడ్డి కూరిన చేతికి ఈ వాసన కొత్త కాదు. కాల్చగానే తెల్లటి పొగ, దీపావళి రాత్రి వీధి వాసన. తూటాలో ఖాళీ లేకుండా నింపుతారు, .45 కోల్ట్ మొదటి రోజుల్లో 40 గ్రెయిన్ల (మందు, గుండు తూచే చిన్న కొలత) మందు, 255 గ్రెయిన్ల సీసపు గుండు. పాత సిలిండర్ లోహం ఈ ఒత్తిడిని లెక్కపెట్టుకుని చేసిందే.

స్మోక్‌లెస్ పౌడర్ తక్కువ మందుతో ఎక్కువ ఒత్తిడి ఇస్తుంది. కొంచెం మందే కాబట్టి తూటాలో ఖాళీ మిగిలి, పొరపాటున రెండుసార్లు నింపినా కంటికి కనపడదు. అట్టపెట్టె మీద "కౌబాయ్ లోడ్" అని ఉంటే పాత తుపాకీకి సరిపోతుందనుకుంటారు. అది తేలిక లోడే, కానీ లోపల ఉండేది మామూలుగా స్మోక్‌లెస్సే. కొత్త రెప్లికాకి హాయిగా వాడుకోండి, 1900 కన్నా ముందుదానికి వద్దు. పైగా .45 కోల్ట్ పేరుతోనే రూగర్ బ్లాక్‌హాక్ లాంటి దిట్టమైన తుపాకుల కోసం చేసిన లోడ్లు కూడా అమ్ముతారు. మామూలు .45 కోల్ట్‌కి పరిశ్రమ పెట్టిన గరిష్ఠ ఒత్తిడి 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు). "రూగర్ ఓన్లీ" అని రాసి ఉన్నవి దాన్ని ఎప్పుడో దాటేస్తాయి. వాటిని పాత కోల్ట్‌లోనే కాదు, ఇటలీ రెప్లికాలో కూడా పెట్టకండి.

బ్లాక్ పౌడర్‌తో ఎక్కువ కాల్చాలనుంటే .44-40 బాగుంటుంది. దాని ఇత్తడి మూతి పల్చన, పేలగానే చాంబర్‌కి అతుక్కుపోయి మసిని వెనక్కి రానివ్వదు. .45లో మసి పక్కల నుంచి వెనక్కి వస్తుంది.

రెప్లికా కొనేటప్పుడు

ఇటలీలో బ్రెషా దగ్గర గార్దోనే వాల్ ట్రోంపియా అనే లోయ ఊరు తుపాకీల పనికి పేరు. ఆల్దో ఉబెర్టి 1959లో కంపెనీ పెట్టింది అక్కడే. రెప్లికాలు చేసే ఇంకో కంపెనీ పియెట్టా వాళ్లదీ బ్రెషా జిల్లాయే. అమెరికాలో వాటి మీద సిమరాన్, టేలర్స్ లాంటి దిగుమతిదారుల పేర్లుంటాయి. పేరు మారినా బ్యారెల్ కింద చూస్తే అసలు తయారీదారు ముద్ర దొరుకుతుంది. చిన్న చదరంలో రెండక్షరాల కోడ్ తయారైన సంవత్సరం. నక్షత్రం కింద పీఎన్ అని ఉంటే బ్లాక్ పౌడర్ ప్రూఫ్ (ఆ మందుతో కాల్చి పరీక్షించారని గుర్తు), పీఎస్ఎఫ్ అని ఉంటే స్మోక్‌లెస్ ప్రూఫ్. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఈ రెండు ముద్రల తేడా కోసం లైట్ వేసి వెతకండి.

రెప్లికాకి కూడా పైన చెప్పిన పరీక్షలన్నీ చేయండి. కొత్తది కదా అని వదిలేయకండి. స్క్రూలు వదులవడం దీని జబ్బు. వంద రౌండ్లు కాలిస్తే రెండు స్క్రూలు బయటికి తొంగిచూస్తాయి. మధ్యమధ్య బిగించడానికి సరైన బిట్ ఉన్న స్క్రూడ్రైవర్ బ్యాగులో ఉండాలి. ఇంట్లో ఉన్న మామూలు స్క్రూడ్రైవర్‌తో అసలు కోల్ట్ స్క్రూ తల చెక్కేశారంటే దాని ధరలో కొంత అక్కడే రాలిపోయినట్టు.

గురి కిందకి పోతోందని చాలామంది కంగారుపడతారు. ముందు సైట్ పొడుగ్గా ఉంటే అలాగే పోతుంది. మీకు నచ్చిన లోడ్ ఏదో ఖాయమయ్యాక, ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీస్తే గుండు పైకి వస్తుంది. ఒకేసారి అరగదీస్తే మళ్లీ పెంచలేరు. గుండు బరువు మారితే కూడా ఎత్తు మారుతుంది, బరువైన గుండు పైకి తగులుతుంది. అసలు కోల్ట్ సైట్‌కి మాత్రం ఆకురాయి తగలనివ్వకండి.

రెండింటినీ కాల్చి చూడటం

కళ్లద్దాలు, చెవి రక్షణ పెట్టుకోండి. ఐదు తూటాలే వేయాలి. హాఫ్ కాక్‌లో గేట్ తెరిచి ఒకటి వేయండి, ఒక చాంబర్ వదిలేయండి, తర్వాత నాలుగు వరసగా వేయండి, హ్యామర్‌ని ఫుల్ కాక్‌కి లాగి మెల్లిగా దించండి. హ్యామర్ ఖాళీ చాంబర్ మీద వచ్చి కూర్చుంటుంది. మొదటిసారి డమ్మీ తూటాలతో ఇంట్లో ఈ లెక్క చేతికి ఎక్కించుకోండి. సేఫ్టీ గాడి ఉంది కదా అని ఆరూ వేస్తే, తుపాకీ కింద పడి హ్యామర్ మీద దెబ్బ తగిలినప్పుడు ఆ చిన్న గాడి విరిగిపోతుంది, తూటా పేలుతుంది. సాస్ అనే కౌబాయ్ షూటింగ్ సంఘం పోటీల్లో కూడా ఐదే.

పోలిక న్యాయంగా ఉండాలంటే రెండింటికీ బ్లాక్ పౌడరే పెట్టండి, ఒక్కోదాని బ్యారెల్‌కి సరిపోయే గుండుతో. బెంచ్ మీద ఇసుక సంచి ఆనుకుని, 15 గజాల నుంచి ఐదేసి చొప్పున మూడు గుంపులు కాల్చండి. మధ్యలో తడి గుడ్డతో సిలిండర్ మూతి తుడవండి, లేకపోతే మసి దేన్ని ముందు ఆపుతుందో కొలిచినట్టవుతుంది తప్ప గురి కాదు.

నా రెండింటి సంగతి చెబుతాను. రెప్లికా ఐదు గుండ్లనీ చిన్న అప్పడం మూసేంత జాగాలో పెట్టింది. అసలుది సరైన గుండు దొరకక ముందు పళ్లెమంత వెడల్పు చల్లింది, పెద్ద గుండు దొరికాక అప్పడానికి ఒక వేలు ఎక్కువ. ట్రిగ్గర్ మాత్రం పాతదే మెత్తన. అద్దం విరిగినట్టు తెగుతుంది. అందుకే దాన్ని అమ్మలేకపోతున్నాను. ఏడాదికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి పది తూటాలు, అంతే. మిగతా వందలన్నీ రెప్లికావే.

ఆ సాయంత్రమే కడగండి

బ్లాక్ పౌడర్ మసి గాలిలో తేమ లాగేస్తుంది. "రేపు చేద్దాంలే" అంటే తెల్లారేసరికి ఎర్ర పొడి. ఇరుసు లాగి సిలిండర్ తీసి, వేడి నీళ్లలో ఒక చుక్క అంట్ల సబ్బు వేసి, బ్యారెల్‌నీ చాంబర్లనీ బ్రష్‌తో తోమండి. వంటింటి సింక్‌లో మాత్రం కాదు. ఆ నీళ్లలో సీసం ఉంటుంది, పిల్లలు తాగే గ్లాసులు కడిగేదీ అక్కడే. గరాజ్‌లో విడిగా ఒక బకెట్ పెట్టుకోండి, తర్వాత చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. నీళ్లు వేడిగా ఉంటే లోహం తొందరగా ఆరుతుంది. గుడ్డతో తుడిచి, ఇరుసుకీ బ్యారెల్‌కీ నూనె పట్టించండి.

మర్నాడు పొద్దున కాఫీకి ముందు ఒక పొడి గుడ్డ ముక్కని బ్యారెల్‌లో దూర్చి లాగండి. తెల్లగా వస్తే పెట్టెలో పెట్టి తాళం వేయండి. ఎర్రగా వస్తే మళ్లీ నీళ్లు కాచుకోండి.